దారా షికో

అజ్మీరు నగర పరిసరములందు సాగరతాల్ అను చెరువు గట్టున 1615 వ సంవత్సరము మార్చి నెలలో మొగలు రాజకుమారుడైన ఖుర్రమునకు ఒక మగశిశువు జన్మించెను. అంతవఱకు ఖుర్రమునకు కలిగిన సంతానము ఆడపిల్లలే. పుత్రుడు కావలెనని ఆతడు అజ్మీరునందలి ఖ్వాజా మొయినుద్దీను చిష్తీ దర్గాలో మ్రొక్కుకొనియుండెను. ఆ దర్గాకు మహమ్మదీయులేకాక హిందువులును మ్రొక్కుబడులు చెల్లింప వచ్చుచుందురు. తాతయగు జహంగీరు చక్రవర్తి మనుమనికి దారా షికో అని నామకరణము చేసెను. పూర్వకాలపు పారసీక చక్రవర్తియగు దారావంటి వైభవము కలవాడని ఆ పేరునకు అర్థము. ఖుర్రమే 1628 లో షాజహాను అను పేర సింహాసనమధిష్ఠించి, తాజమహలును కట్టించి లోకప్రసిద్ధుడయ్యెను. దారా తల్లి ముంతాజు మహలు.

దారా బాల్యము పూర్తిగా సుఖముగా గడవలేదు. ఖుర్రము తండ్రిపై తిరుగబడి ఓడిపోయెను. మరల తిరుగబడనని నమ్మకము కలిగించుటకై 1626 లో తన కుమారులైన దారాను, ఔరంగజేబును జహంగీరు ఆస్థానమునకు జామీనుగా పంపవలసివచ్చెను. దారాకప్పుడు పదునొకండేండ్లు, ఔరంగజేబు ఇంకను పసివాడు. తల్లిదండ్రులకు దూరముగా ఆ యన్నదమ్ములు రెండేండ్లు ఒకే చోట పెరిగిరి. వారి తరువాతి చరిత్ర ఎరిగినవారికి ఈ సంగతి మనస్సును కలచివేయును.

1631 లో ముంతాజు మహలు బుర్హాన్‌పురమున మరణించెను. అటుపిమ్మట అక్కయైన జహనారాయే తమ్ములకు తల్లివలె నుండెను. 1633 లో దారాకు పెదతండ్రియగు పర్వేజు కుమార్తె నాదిరా బానుతో వివాహము జరిగెను. ఆ దంపతుల అనురాగము ఆ కాలపు రాజకుటుంబములందు అరుదైనది. చిత్రపటములను, సుందరమైన లిపితో వ్రాసిన పుటలను కూర్చి దారా ఆమెకు ఒక సంపుటమును కానుకగా నిచ్చెను. అది నేడు లండను నగరమున బ్రిటిషు గ్రంథాలయములో భద్రముగా నున్నది.

దారా ముత్తాత అక్బరు. ఆతడు 1575 లో ఫతేపురు సిక్రీయందు ఇబాదత్ ఖానా అను మందిరమును కట్టించి, అందు మహమ్మదీయ పండితులను, బ్రాహ్మణులను, జైనులను, పారసీకులను, క్రైస్తవ ఫాదిరీలను కూర్చుండబెట్టి మతవిషయములపై వాదములు జరిపించెను. మహాభారతమును పారసీ భాషలోనికి అనువదింపజేసెను. ఈ సంప్రదాయము దారా ఎదుట నుండనే యుండెను. కాని అక్బరు మార్గము వేరు, దారా మార్గము వేరు. అక్బరు పాలకుడు, అనేక మతములవారిని ఏలవలసినవాడు. దారా ఈ త్రోవలో పడినది రాజ్యతంత్రమువలన కాదు, ఒక దుఃఖమువలన.

1634 లో ఆతని తొలిచూలు కూతురు మరణించెను. ఆ దిగులుతో దారా మంచము పట్టెను. వైద్యుల చికిత్సలు ఫలింపలేదు. అప్పుడు షాజహాను కుమారుని లాహోరులో నున్న మియాన్ మీరు అను వృద్ధ ఫకీరు కడకు తోడ్కొనిపోయెను. మియాన్ మీరు ఖాదిరీ శాఖకు చెందిన సూఫీ. రాజులు పంపు కానుకలను ముట్టనివాడని ఆయనకు ప్రసిద్ధి. ఆయన రాజకుమారుని చేయి పట్టుకొని, ఒక పాత్రలోని నీటిపై ప్రార్థన చేసి త్రాగుమని యిచ్చెను. వారము దినములలో తనకు స్వస్థత కలిగినట్లు దారాయే తన గ్రంథమున వ్రాసికొనెను. మరుసటి యేడే మియాన్ మీరు పరమపదించినను, దారా మనస్సు ఆ పాదములను విడువలేదు. ఆయన శిష్యుడగు ముల్లా షాను గురువుగా నాశ్రయించి, 1640 ప్రాంతమున ఖాదిరీ శాఖయందు దీక్ష గైకొనెను. సూఫీ మహాత్ముల చరిత్రలను, సాధన మార్గమును గూర్చి వరుసగా గ్రంథములు రచించెను. అప్పటి కాతని వయస్సు ముప్పదియేండ్లు లోపే.

సూఫీలలో అనేకులు ఒక సిద్ధాంతమును నమ్మిరి. నిజముగా ఉన్నది ఒక్కటే. తక్కినదంతయు దాని ప్రకాశమే అని ఆ సిద్ధాంత సారము. దీనిని నమ్మినవానికి సహజముగా ఒక ప్రశ్న పుట్టును. ఉన్నది ఒక్కటే యైనచో, మసీదులో అల్లా అని పిలువబడునదియు, గుడిలో రాముడనియు నారాయణుడనియు పిలువబడునదియు ఆ యొక్కటియేనా? లేక పేర్లు వేరైనట్లే పిలువబడువారును వేరా?

ఈ ప్రశ్న దారాకు పూర్వమే ఉత్తర హిందూస్థానమున వీధివీధిని చర్చింపబడుచుండెను. కాశీలో నేతపని చేసికొని బ్రతికిన కబీరు రామునికిని రహీమునకును భేదము లేదని పాడెను. ఆ పాటలు పామరుల నోళ్ళలో నాటుకొనెను. అట్లని ఎదురు పలికినవారు లేకపోలేదు. సర్హిందు పట్టణమున షేకు అహమ్మదు అను గొప్ప పండితుడుండెను. ఆయన 1624 లో మరణించెను. హృదయరాముడను ఒక హిందువునకు వ్రాసిన లేఖలో ఆయన ఈ విషయమునే తర్కించెను. రాముడు, కృష్ణుడు తల్లిదండ్రులకు పుట్టినవారు. రహమాను పుట్టువు లేనివాడు, సమస్తమును పుట్టించినవాడు. సృష్టికర్తయు సృష్టింపబడినవాడును ఒకటి యెట్లగుదురని ఆయన వాదము. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. పేరు ఒక చప్పుడు మాత్రమే కాదు. ఆ పేరు పలుకువాడు దానివెనుక ఏమి తలచుచున్నాడను విచారణ కూడ అవసరమే. దారా ఈ చిక్కును పాటలతో విడదీయగోరలేదు. ఇరువైపుల గ్రంథములను దగ్గఱ పెట్టుకొని, మాటకు మాట సరిచూడదలచెను.

1653 లో ఆతడు పెద్ద సేనతో కాందహారు కోటను ముట్టడించి విఫలుడై లాహోరునకు తిరిగివచ్చెను. దండయాత్ర చెడినను ఆ నగరముననే ఆతనికి వేఱొక లాభము కలిగెను. బాబా లాల్ అను హిందూ సాధువుతో ఆతడు పలుమారులు సంభాషించెను. దారా కార్యదర్శియగు చంద్రభాను బ్రాహ్మణుడు ఆ సంభాషణలను పారసీలో భద్రపఱచెను. విగ్రహారాధనకు అర్థమేమని దారా ఒకమారు ప్రశ్నించెను. చిన్న బాలికలు బొమ్మలతో ఆడుకొందురు. పెరిగి పెండ్లియై సంసారము చేయునప్పుడు ఆ బొమ్మలను వారే విడిచిపెట్టుదురు. నిరాకారము మనస్సుకు అందువఱకు ఆకారము ఆధారముగా నుండునని బాబా లాల్ సమాధానము చెప్పెను. ఒక మొగలు యువరాజు కౌపీనధారియగు సాధువు ఎదుట శిష్యునివలె కూర్చుండి ప్రశ్నలడుగుట నాటి సర్దారులలో కొందఱకు వింతగాను, కొందఱకు కంటగింపుగాను తోచెను.

సంస్కృత పండితుల సాంగత్యము దారాకు కొఱతపడలేదు. కాశీ, ప్రయాగ యాత్రికులపై విధింపబడిన పన్నును షాజహానుచే రద్దు చేయించిన కవీంద్రాచార్య సరస్వతి ఆతని ఆదరమునకు పాత్రుడు. ఆంధ్రులకు ప్రీతికరమైన విషయ మొకటి ఇచట చెప్పవలసియున్నది. గోదావరీ మండలమునందలి ముంగండ గ్రామమువాడని ప్రసిద్ధికెక్కిన జగన్నాథుడు ఆ దినములలో షాజహాను ఆస్థానమున నుండి పండితరాయలను బిరుదము నందెను. ఆయన రసగంగాధరము అలంకారశాస్త్రమునకు తలమానికము. దారాకు మాతామహుడైన ఆసఫ్ ఖానును గూర్చి ఆయన ఆసఫవిలాసమను కావ్యమును రచించెను. దారాకు సంస్కృతము బోధించినవారిలో ఆయనయు ఒకడని ఒక ప్రతీతి కలదు.

1655 లో దారా మజ్మా ఉల్ బహ్రైన్ అను చిన్న పారసీ గ్రంథమును వ్రాసెను. రెండు సముద్రముల సంగమమని దాని కర్థము. ఈ మాట ఖురానులో మూసా ప్రవక్త ప్రయాణ కథయందు వచ్చును. దారా దానిని సూఫీ మతమును వేదాంతమును కలియు చోటునకు పేరుగా వాడుకొనెను. సముద్ర సంగమమను పేర దీనికి సంస్కృత రూపము కూడ కలదు. భగవంతునికి తనదను పేరు లేదనియు, ఏ పేర పిలిచినను పలుకుననియు గ్రంథారంభముననే ఆతడు భావించెను. పిమ్మట ఇరువదిరెండు ప్రకరణములలో పంచభూతములు, ఇంద్రియములు, ధ్యానము, ఆత్మ, భగవన్నామములు, మోక్షము మున్నగు విషయములను తీసికొని, మహమ్మదీయుల మాటకు ఎదురుగా హిందువుల మాటను నిలిపెను. అరబ్బీలో రూహ్ అనునది సంస్కృతములో ఆత్మ. ఖాదిర్ అనగా సమర్థుడు. సమీ అనగా శ్రోత, అన్నియు వినువాడు. బసీర్ అనగా ద్రష్ట, అన్నియు చూచువాడు. అల్లా అను నామమునకు సరియైన మాట ఓంకారమని ఆతడు నిర్ణయించెను. అంతయు వెదకి చూచిన పిదప మాటలలో తప్ప వస్తువులో భేదము తనకు కనబడలేదని ఆతని అభిప్రాయము.

ఈ గ్రంథమును చదువునప్పుడు రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది, దారా ఇస్లామును విడువలేదు. తన మతమునందలి లోతు తెలిసికొనుటకే పరమతమునందలి లోతును కొలిచెను. రెండవది, ఆతడు కుదిర్చిన జంటలన్నియు సమానమైన బలము కలవి కావు. గుణములు లేనిదియు, రెండవది లేనిదియు అని వేదాంతి చెప్పు బ్రహ్మమును, సాటి లేనివాడని మహమ్మదీయుడు చెప్పు అల్లాను పోల్చినప్పుడు ఆతని వాదము గట్టిగా నిలుచును. కాని బ్రహ్మ విష్ణు మహేశ్వరులను జిబ్రయీలు, మికాయీలు, ఇస్రాఫీలు అను దేవదూతలతో జతపఱచినప్పుడు అదే వాదము సడలిపోవును. దేవదూతలు దేవుని సేవకులు. విష్ణువును పరమాత్మగా కొలుచు వైష్ణవుడు తన స్వామిని సేవకుడనినచో ఒప్పుకొనునా? దేవదూతను దైవముతో సమముగా నుంచినచో మౌల్వీ ఒప్పుకొనునా? ఈ చోట దారా ఇరువురిని సంతోషపెట్టబోయి ఇరువురికిని దూరమయ్యెను. అయినను ఒక ముక్క అతుకలేదని అద్దమునంతయు పాఱవేయరాదు. ఒకరి భాషలో మరియొకరి దేవుని గూర్చి ఇంత శ్రద్ధతో మాటలు వెదకిన రాజపుత్రుడు మన చరిత్రలో వేఱొకడు కానరాడు.

ఈ పుస్తకము తన కుటుంబములోని వారికొఱకే గాని ఇరుమతములందలి సామాన్య జనులకొఱకు కాదని దారా పీఠికలో చెప్పికొనెను. కబీరు పాట కూలివాని నోటికెక్కినది; దారా మాట కోటగోడలు దాటలేదు. ఇది ఆతని ప్రయత్నమునందలి పెద్ద కొఱత.

ఇంతటితో ఆతనికి తృప్తి కలుగలేదు. తౌరాతు, దావూదు కీర్తనలు, ఇంజీలు మున్నగు దివ్యగ్రంథములను చదివినను, దేవుని ఏకత్వమును గూర్చిన తన సందేహములు తీరలేదని ఆతడు వ్రాసెను. కడకు ఉపనిషత్తులు ఆతని చేతికి వచ్చెను. కాశీనుండి పండితులను, సన్న్యాసులను రప్పించి, ఢిల్లీలో యమునాతీరమున నిగంబోధు ఘట్టము దగ్గఱనున్న తన భవనమున కూర్చుండబెట్టి, ఆరు నెలలలో ఏబది ఉపనిషత్తులను పారసీ భాషలోనికి తెచ్చెను. 1657 వ సంవత్సరము జూను మాసాంతమున ఆ పని ముగిసెను. గ్రంథమునకు సిర్రె అక్బర్, అనగా మహారహస్యము, అని పేరు పెట్టెను. ఖురానులో ఒక చోట గుప్తమైయున్న గ్రంథమొకటి ప్రస్తావింపబడినది. అది ఉపనిషత్తులేయని దారా పీఠికలో ప్రకటించెను. విరోధులకు ఇంతకు మించిన ఆయుధ మక్కఱలేకపోయెను.

విరోధులు ఆతనికి కొల్లలుగా నుండిరి. అందులకు మతమొక్కటే కారణము కాదు. షాజహాను పెద్దకొడుకును కన్నులెదుటనుండి కదలనీయక, సింహాసనము ప్రక్కనే బంగారు పీఠముపై కూర్చుండబెట్టుకొనెను. ముసలి సర్దారులు దానికి లోలోన ఉడికిపోయిరి. దారాకు నోటి దుడుకుతనము మెండు. తనకన్న తెలిసినవాడు లేడను గర్వమును కలదు. సాధువుల పాదములకడ వినయముగా కూర్చుండినవాడే సేనానులను నలుగురిలో పరిహసించి పలుకుచుండెను. ఇక ఔరంగజేబు మితభాషి, పట్టుదల కలవాడు, యుద్ధములందు ఆరితేరినవాడు. 1656 లో ఆతడు దక్కను సుబేదారుగా నుండి గోలకొండను ముట్టడించెను. కోట వశమగు సమయమున, దారా బోధనచే షాజహాను ముట్టడి విడువుమని ఆజ్ఞ పంపెను. గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా గండము గడిచెను. ఔరంగజేబు ఆ యవమానమును మఱువలేదు.

1657 సెప్టెంబరులో షాజహాను జబ్బుపడెను. చక్రవర్తి మరణించెనను వదంతి దేశమంతట వ్యాపించెను. బంగాళమునుండి షూజా, గుజరాతునుండి మురాదు, దక్కనునుండి ఔరంగజేబు సేనలతో బయలుదేరిరి. మతభ్రష్టుడైన యన్ననుండి ఇస్లామును రక్షించుటకై కత్తి పట్టితినని ఔరంగజేబు చాటించెను. అట్లని ఈ పోరాటమును రెండు మతముల యుద్ధమనుకొనుట పొరపాటు. ఔరంగజేబు పక్షమున రాజపుత్రులుండిరి. దారా పక్షమున మహమ్మదీయ సర్దారులుండిరి. ఔరంగజేబు తనతో కలిసి పోరాడిన మురాదును కూడ తరువాత చెఱసాలలో నుంచి చంపించెను. కోరినది సింహాసనము, మతము ఆ కోరికకు కప్పిన దుప్పటి.

1658 మే మాసాంతమున ఆగ్రా సమీపమున సామూగఢు మైదానమున సేనలు తలపడెను. ఎండ మండిపోవుచుండెను. సమరము నడుమ దారా ఏనుగు అంబారీనుండి దిగి గుఱ్ఱమెక్కెను. దూరముననున్న సైనికులకు ఖాళీ అంబారీ కనబడెను. యువరాజు కూలెనని తలచి వారు చెదరి పాఱిపోయిరి. కొన్ని గడియలలో అంతయు ముగిసెను. ఔరంగజేబు తండ్రిని ఆగ్రా కోటలో బంధించెను. షాజహాను 1666 లో మరణించువఱకు ఆ కోట దాటలేదు.

దారా ఢిల్లీకి, లాహోరునకు, సింధునకు, గుజరాతునకు పరుగులిడెను. మరల కొంత సేన కూర్చుకొని 1659 మార్చిలో అజ్మీరు దగ్గఱ నిలిచెను. తాను పుట్టిన గడ్డమీదనే మఱియొకసారి ఓడిపోయెను. అహమ్మదాబాదు వారు తలుపులు మూసిరి. పారసీక దేశమునకు పోదలచి బొలాను కనుమవైపు సాగుచుండగా, రోగపీడితయై నాదిరా బాను మార్గమధ్యమున ప్రాణములు విడిచెను. ఆమె కళేబరమును లాహోరునకు పంపి మియాన్ మీరు సమాధి చెంత పూడ్పించుటకై, దారా తనకు మిగిలిన నమ్మకమైన భటులను దాని వెంట పంపివేసెను. ఆతడు మాలిక్ జీవనను స్థానిక నాయకునియొద్ద తలదాచుకొనెను. పూర్వమొకప్పుడు షాజహాను ఆ జీవనును ఏనుగుచే త్రొక్కించి చంపుమనగా, దారాయే అడ్డుపడి ప్రాణభిక్ష ఇప్పించెను. ఆ జీవనే దారాను పట్టి శత్రువులకప్పగించెను.

1659 ఆగస్టు 29 వ తేదీన దారాను మాసిన బట్టలతో, అలంకారము లేని ఆడయేనుగుపై ఢిల్లీ వీధులలో ఊరేగించిరి. ప్రక్కన చిన్న కుమారుడు సిపిహరు షికో. వెనుక కత్తి దూసిన కావలివాడు. అప్పుడు ఢిల్లీలోనున్న ఫ్రెంచి వైద్యుడు బెర్నియే ఆ దృశ్యమును కన్నులార చూచి వ్రాసెను. బజారులన్నియు జనముతో కిక్కిఱిసిపోయెను. మగవారు, ఆడవారు, పిల్లలు తమ యింటి వానికే ఆపద వచ్చినట్లు విలపించిరి. ఆతనికొఱకు ఒక్క కత్తి మాత్రము ఒరనుండి వెడలలేదు. మరునాడు మాలిక్ జీవను వీధిలో కనబడగా జనులు రాళ్ళు రువ్విరి. ఆ యలజడి దారాకు మేలు చేయలేదు. ఆతడు బ్రదికియున్నంతకాలము నెమ్మది యుండదని ఔరంగజేబు గ్రహించెను.

సభలో దానిష్మంద్ ఖానను సర్దారు ప్రాణములు విడువుమని వేడెను. పూర్వము దారాకు మిత్రుడు కాని ఆతడు ఇట్లు పలుకుట గమనింపదగినది. దారా చెల్లెలు రోషనారా మాత్రము మరణశిక్షయే కావలెననెను. ధర్మశాస్త్ర పండితులు దారా మతమునకు బాహ్యుడని తీర్పు చెప్పిరి. ఔరంగజేబు ఆస్థాన చరిత్రలో ఆ నేరములు వ్రాయబడియున్నవి. దారా బ్రాహ్మణులతోను యోగులతోను కలిసి మెలసి తిరుగునట. వేదము దైవదత్తమని నమ్మునట. రత్నముల ఉంగరములపై ప్రభు అను హిందువుల మాటను నాగరి లిపిలో చెక్కించుకొని, అది శుభకరమని ధరించునట. వ్రాసినవారు ఆతని శత్రుపక్షమువారే యైనను, ఆ మాట చెక్కించుటలో అబద్ధమాడవలసినంత వింత ఏదియు లేదు. ఆతని గ్రంథము చదివినవానికి ఆ ఉంగరము ఆశ్చర్యము కలిగింపదు. ప్రభువన్నను అల్లాయన్నను ఆతని దృష్టిలో పిలుపు ఒక్కనికే. తీర్పరుల దృష్టిలో అది ఒక్కటి కాదు. వేలిమీది రెండక్షరముల మాట మనిషి ప్రాణమునకు సాక్ష్యముగా నిలిచెను.

ఆగస్టు 30 వ తేదీ రాత్రి హంతకులు చెఱసాలకు వచ్చిరి. విషప్రయోగమునకు భయపడి తండ్రికొడుకులు తామే పప్పు వండుకొనుచుండిరని బెర్నియే వ్రాసెను. కుమారుని ప్రక్కకు లాగివేసి దారాను వధించిరి. కళేబరమును హుమాయూను సమాధి మందిరములో పూడ్చిరి. అచటి గోరీలలో ఆతనిది ఏదియో తెలుపు అక్షరములు లేవు.

దారా వలన ఆదరము పొందిన దిగంబర కవి సర్మదు అటుపిమ్మట రెండేండ్లలోపే శిరచ్ఛేదమునకు గురియయ్యెను. మథురలోని కేశవరాయ దేవాలయమునకు దారా సమర్పించిన రాతి కటకటాలను 1666 లో ఔరంగజేబు తీయించివేసెను. పుస్తకములను తీయించుట మాత్రము అంత తేలిక కాలేదు. సిర్రె అక్బర్ ప్రతులు చేతివ్రాతలో ఇల్లిల్లు తిరుగుచుండెను. 1775 లో ఒక ప్రతి అయోధ్యా నవాబు ఆస్థానమునందున్న ఫ్రెంచివానివలన పారిసులోని ఆంకెతీ దుపెరోన్ అను పండితునికి చేరెను. ఆయన యవ్వనములో ఈ దేశమునకు వచ్చి పారసీ నేర్చినవాడు. ఆయన వృద్ధాప్యమున పేదరికముతో పెనుగులాడుచు దానిని లాటిను భాషలోనికి మార్చి 1801, 1802 సంవత్సరములలో రెండు సంపుటములుగా ప్రకటించెను. జర్మను తత్త్వవేత్త షోపెన్‌హవరు 1814 లో దానిని చదివి, జీవితాంతము దగ్గఱనుంచుకొనెను. సంస్కృతము నేర్చిన ఐరోపా పండితులు తరువాత మూలముతో సరిచూచి, కాశీ పండితులు శంకరాచార్యుల వ్యాఖ్యను పాఠములో కలిపిన చోట్లను, మహాదేవుని ఇస్రాఫీలుగాను దేవతలను దేవదూతలుగాను మార్చిన చోట్లను ఎత్తిచూపిరి. అయినను ఐరోపా ఖండమునకు ఉపనిషత్తులు మొట్టమొదట నడిచిపోయిన త్రోవ నిగంబోధు ఘట్టము ప్రక్కనున్న ఆ భవనమునుండియే.